కారు పాటలో కలసిన ఈల

క్రొత్తగా కొన్న కారునకు గాని, పాతబడినను ప్రియమైన కారునకు గాని, కంపెనీవారు అమర్చి యిచ్చిన పాటలపెట్టెతో తృప్తి చెందక, బజారునుండి వేరొక స్టీరియోను, దానికి తోడుగా డిక్కీలో నొక ఆంప్లిఫయరును, దాని ప్రక్కన నొక వూఫరును పెట్టించుకొనువారు మన పట్టణములలో కోకొల్లలు. వ్యయమునకు వెఱవక సమకూర్చుకొన్న ఆ సంగీతసంభారము, అంగడి ముంగిట ఇంజను ఆగియున్నంతసేపు శ్రవణపేయముగనే యుండును. ఇంటికి పోవు దారిలో మాత్రము, పాటకును పాటకును నడుమ నిశ్శబ్దముగా నుండవలసిన చోట, ఒక సన్నని ఈల వినవచ్చును. యాక్సిలరేటరు నొక్కినకొలది ఆ ఈల స్థాయి పెరుగును. కాలు తీసినంతనే దిగిపోవును. మరునాడు యజమాని అంగడికి మరలిపోయి మొఱపెట్టుకొనగా, అంగడివాడు కారెక్కి కూర్చుండడు, చెవి యొగ్గి వినడు, ఒక్క తీగనైనను ఊడదీసి చూడడు. "ఇగ్నిషన్ నాయిస్ సార్, ఫిల్టర్ వెయ్యాలి" అని అరలోనుండి యొక చిన్న డబ్బీని తీసి బల్లపై పెట్టును. దానివలన ఈల యొకప్పుడు తగ్గును, పెక్కుమారులు తగ్గదు. తగ్గనపుడు దానికంటె పెద్ద డబ్బీ వచ్చును. ఈ పద్ధతి మీదనే నాకు అభ్యంతరము. ఈ ఈల చాలవఱకు పనితనపు లోపమువలన పుట్టునది. పనిలో దొరలిన లోపమును మరియొక వస్తువు నమ్మి మాన్పజూచుట అంగడికి లాభము కావచ్చును గాని, కారు యజమానికి ఎంతమాత్రమును కాదు.

మందు మాట యెత్తుటకు పూర్వము లక్షణములను విడదీయవలయును. ఇంజను నడచునపుడు స్టీరియోలో వినవచ్చు అపస్వరములు ప్రధానముగా రెండు జాతులు. మొదటిది చిటపట. స్పార్కు ప్లగ్గులో నిప్పురవ్వ లేచినపుడెల్ల ఒక్కొక్క చిటుకుగా వచ్చునది యిది. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను నిలుకడగా నిముసమునకు 900 చుట్లు తిరుగునపుడు, డిస్ట్రిబ్యూటరు గల పాత పద్ధతిలో, సెకనుకు 30 రవ్వలు లేచును. 3,000 చుట్లకు చేరినపుడు సెకనుకు 100. కావున నిలుకడవేళ గరగరగా నున్న ఆ రొద, వేగము హెచ్చినకొలది చిటుకులన్నియు ఒకదానిలో నొకటి కలసిపోయి బొంగురుమ్రోతగా మారును. రెండవది ఈల, బ్యాటరీని చార్జి చేయు ఆల్టర్నేటరు, మన మెకానిక్కులలో పెద్దవారి పలుకుబడిలో నేటికిని డైనమో, పుట్టించునది. చిటపటకును ఈలకును పుట్టుక వేరు, పాటలోనికి వచ్చు త్రోవ వేరు, చికిత్స వేరు. ఈ భేదము నెఱుగని అంగడివాడు డీజిలు కారు వచ్చినను అదే మాట పలుకును. డీజిలు ఇంజనులో స్పార్కు ప్లగ్గే లేదు. గాలిని మిక్కిలిగా నొత్తగా పుట్టిన వేడికే ఇంధనము మండును. అందలి గ్లో ప్లగ్గు చలివేళ వేడెక్కునదే గాని రవ్వలు చిమ్మునది కాదు. అట్టి బండికి సైతము 'ఇగ్నిషన్' డబ్బీని అంటగట్టుట చూచినపుడు, ఆ డబ్బీలో నేమున్నదో అమ్మువాడు ఎఱుగునా యను సందేహము కలుగక మానదు.

నిప్పురవ్వకును రేడియోకును గల బంధుత్వము నేటిది కాదు. 1887 ప్రాంతమున జర్మనీలోని కార్ల్స్‌రూయె నగరమున హైన్రిఖ్ హెర్ట్జ్ పండితుడు, రెండు లోహపుగుండ్ల నడుమ నొక రవ్వను ఎగురజేసి, గదికి ఆవలి వైపున నిలిపిన తీగచుట్టు సందులో మరియొక చిఱురవ్వ తనంత తాను లేచుట చూపి, విద్యుదయస్కాంత తరంగములను లోకమునకు ప్రత్యక్షము చేసెను. తరువాతి దశాబ్దమున కలకత్తాలో జగదీశ చంద్ర బోసు ఆచార్యుడు రవ్వనే యాధారముగా గొని మిక్కిలి పొట్టి తరంగములపై పరిశోధించెను. 1901లో మార్కోనీ అట్లాంటిక్ సముద్రమును దాటించిన సంకేతమునకును రవ్వయే జన్మస్థానము. హెర్ట్జ్ ప్రయోగశాలలో శ్రమించి పుట్టించిన ఆ రవ్వను, నేటి పెట్రోలు కారు 12 వోల్టుల బ్యాటరీనుండి కాయిల్ ద్వారా ఇరువది ముప్పదివేల వోల్టులకు పెంచి, మిల్లీమీటరు వెడల్పైనను సరిగా లేని సందులో సెకనుకు పదులకొలది మారులు ఎగురవేయుచున్నది. ఆ రవ్వ ఏదో ఒక్క స్థానమున నుండి మాటలాడునది కాదు. అన్ని స్థానములందును ఒక్కమారే కేకవేయునది. దూరదర్శన్ యాంటెన్నాలు మిద్దెలపై నిలిచియున్న దినములలో, వీధిలో స్కూటరు పోయినపుడెల్ల బొమ్మపై తెల్లని చుక్కలు చెదరుట చూచినవారందఱును ఈ కేకను కంటితో చూచినవారే.

కారులో రేడియో పెట్టదలచిన తొలితరమువారికి ఇదియే ప్రధానశత్రువు. 1930లో చికాగోలో పాల్ గాల్విన్ అను వ్యాపారి, విలియం లియర్, ఎల్మర్ వేవరింగ్ అను యువకుల సహాయమున, తన స్టూడిబేకర్ కారులో నొక రేడియోను అమర్చించి, అట్లాంటిక్ సిటీలో జరుగుచున్న రేడియో తయారీదారుల సమావేశమునకు దానిని నడుపుకొని పోయెను. సభాభవనము వెలుపల కారు నిలిపి పాట వినిపించి బేరములు కుదుర్చుకొనెను. మోటరోలా యను పేరుతో లోకప్రసిద్ధి గాంచినది ఆ రేడియోయే. అయితే దానిని అమ్ముటకంటె అమర్చుట కష్టము. ప్రతి స్పార్కు ప్లగ్గునకు నొక నిరోధకము, డిస్ట్రిబ్యూటరు నడితీగకు మరియొకటి, జనరేటరునకు నొక కండెన్సరు, ఇంజను పైమూతకును బాడీకిని నడుమ లోహపుపట్టీలు, ఇవన్నియు బిగించి, ఇంజను నడపి, విని, మరల సవరించి, అటుపిమ్మట గాని కారును యజమానికి అప్పగింపరాదు. నేటి మన 'ఫిట్టింగ్ ఫ్రీ' అంగడులు ఆ కాలపు పనివారి ఓపికను విన్నచో కథ యనుకొనును. ఇందులో నొక చమత్కారము గలదు. రవ్వల రొద నణచుటకు శ్రమించిన ఆ వేవరింగే, కాలాంతరమున గాల్విన్ సంస్థలోనే పెద్ద పదవికి వచ్చి, కార్లలో పాత డైనమోకు మారుగా ఆల్టర్నేటరును ప్రవేశపెట్టుటకు పాటుపడినవారిలో ప్రముఖుడయ్యెను. 1960 మోడలుగా అమెరికాలో వెలువడిన క్రైస్లర్ వారి వాలియంట్ కారుతో ఆల్టర్నేటరు సామాన్యుని వాహనములోనికి దిగినది. ఒక రొదను మాన్పినవాని చేతిమీదుగనే తరువాతి తరపు రొదకు బీజము పడినదన్నమాట.

ఈ నడుమ చిటపట చాలవఱకు శాంతించినది. ఆర్మ్‌స్ట్రాంగ్ అను అమెరికా ఇంజనీరు 1933లో పేటెంటు పొందిన ఎఫ్.ఎం. పద్ధతి, తరంగపు ఎత్తులో గలుగు ఆటుపోటులను లెక్కచేయదు గనుక, రవ్వల కేక దానికి అంతగా తగులదు. మీడియం వేవులో హైదరాబాదు కేంద్రమును 738 కిలోహెర్ట్జులలో వినువారికి మాత్రము నేటికిని తగులును. స్పార్కు ప్లగ్గుల లోపలనే సుమారు 5 వేల ఓముల నిరోధకమును పొదుగుట సర్వసాధారణమైనది. ప్లగ్గు నంబరులో 'ఆర్' అను అక్షరము ఆ నిరోధకమునకే గుర్తు. క్రొత్త కార్లలో కాయిల్ నేరుగా ప్లగ్గు నెత్తినే కూర్చుండుటచే, హైటెన్షన్ వైర్ల పొడవు తగ్గి, యాంటెన్నాగా పనిచేయు తీగయే లేకపోయినది. కావున నేడు పాత బండిలో, మీడియం వేవు వినుచుండగా, చిటపట వచ్చినచో, మొదట ప్లగ్గు నంబరును చూడవలెను. రవ్వ బలముగా నుండునను నమ్మకముతో 'ఆర్' లేని ప్లగ్గును బిగించిన మెకానిక్కు చేతిలో రహస్యము దొరకవచ్చును. పొట్టు లేచిన ప్లగ్గు వైరు, పగిలిన క్యాపు, అరిగిన డిస్ట్రిబ్యూటరు మూత, ఇవియే తక్కిన నిందితులు. దీనిపై ఇంతకంటె వ్రాయ నవసరము లేదు. మన కార్లలో నేడు వినవచ్చు ఫిర్యాదులలో అధికభాగము ఈలను గూర్చినవే.

ఆల్టర్నేటరు మూడు ఫేజులలో పుట్టించు ఒడుదొడుకుల కరెంటును ఆరు డయోడులు ఏకముఖము చేయును. ఏకముఖమైనను అది చదునుగా నుండదు. పైన సన్నని యలలు మిగులును. వాని లెక్క చూడుడు. ఇంజను నిముసమునకు 1,000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. కప్పీల నిష్పత్తిచే ఆల్టర్నేటరు సుమారు రెండున్నర రెట్లు వడిగా, అనగా 2,500 చుట్లు, సెకనుకు దాదాపు 42 చుట్లు తిరుగును. అందు ఆరు జతల ధ్రువములున్నచో సెకనుకు 250 ఆవృత్తములు. ఒక్కొక్క ఆవృత్తమునకు ఆరేసి యలల చొప్పున సెకనుకు 1,500. మనుష్యుని చెవి మిక్కిలి సుకుమారముగా వినగల స్థాయికి ఇది యెంతో దూరము లేదు. ఇంజను 2,000 చుట్లకు పోగానే అది 3,000 అగును, అనగా సరిగా ఆ స్థాయి నడిబొడ్డునకే చేరును. సంగీతము నెఱిగినవారికి ఇందలి బాధ మరింత. తంబురా స్థిరముగా నిలుచును గనుక గాయకుడు దానిని ఆశ్రయించును. ఈ ఈల కారు వేగముతో పాటు జారుచు లేచుచు నుండుటచే ఏ శ్రుతితోను కలియదు, ఏ రాగమును బ్రతుకనీయదు. వూఫరుతో కారు తలుపులు అదరునట్లు వాయించువారికి దీని యునికియే తెలియదు. రాత్రివేళ విజయవాడ రోడ్డుపై ఘంటసాల పద్యములను మెల్లగా పెట్టుకొని పోవువానికే యీ శిక్ష. ఇది న్యాయముగా లేదు.

ఆ యల బ్యాటరీవద్ద నుండి పాటలోనికెట్లు వచ్చును? ఇక్కడనే మన పనివారిలో పెక్కుమంది పొరబడుదురు. కారులో ప్రతి పరికరమునకును బ్యాటరీ ధనధ్రువమునుండి ఒక తీగ వచ్చును. తిరుగుప్రయాణమునకు వేఱు తీగ లేక, కారు ఇనుపశరీరమే త్రోవ. దీనినే ఎర్త్ అందురు. శరీరమంతయు ఇనుమే గదా, ఎక్కడ బిగించిన నేమి యను ధీమాతో స్టీరియో ఎర్త్‌ను డాష్‌బోర్డు వెనుక నొక మరకును, ఆంప్లిఫయరు ఎర్త్‌ను డిక్కీలో మరియొక మరకును తగిలింతురు. కృష్ణా కాలువలో నీరు నిలిచియున్నపుడు తలవద్ద కొలచినను తోకవద్ద కొలచినను మట్టము ఒక్కటే. నీరు పాఱుచున్నపుడు తలమట్టము వేఱు, తోకమట్టము వేఱు. కారు శరీరమును అట్టిదే. ఇంజను ఆగియున్నపుడు దానియందు పెద్ద ప్రవాహము లేదు, రెండు మరల మట్టము ఒక్కటే; ఇంజను నడచునపుడు ఆల్టర్నేటరునుండి, దీపములనుండి, ఫ్యానునుండి పదులకొలది ఆంపియర్లు ఆ ఇనుములో పాఱుచుండును. రెండు మరల నడుమ నిరోధము ఓములో వేయవవంతే యైనను, 50 ఆంపియర్లు పాఱినచో 50 మిల్లీవోల్టుల భేదము పుట్టును. స్టీరియోనుండి ఆంప్లిఫయరునకు పాటను మోసికొనిపోవు ఆర్.సి.ఎ. వైరు పైతొడుగు ఈ రెండు మట్టములను కలుపు మరియొక దారి యగుటచే, ఆ భేదములో కొంత దానివెంట నడచి పాటలో కలియును. స్టీరియో పూర్తిగా గొంతెత్తినపుడు రెండు మొదలు నాలుగు వోల్టుల పాటను పంపగలదు గాని, మెల్లగా వినునపుడు పంపునది పదుల మిల్లీవోల్టులే. అట్టి సున్నితపు పాట ప్రక్కన నాలుగైదు మిల్లీవోల్టుల ఈల చేరినను చాలును. ఆంప్లిఫయరు రెంటిని సమదృష్టితో పెంచి చెవికి అందించును.

ఇంత తెలిసిన తరువాత పరీక్ష కష్టమైనది కాదు. దానికి ఓపిక కావలెను, అంతే. మొట్టమొదట ఇంజను ఆపి, తాళమును ఆక్సెసరీ స్థానమున నుంచి వినవలెను. అప్పుడును బుస వినవచ్చినచో అది ఇంజను నేరము కాదు. ఆంప్లిఫయరు గెయిన్‌ను మితిమీరి త్రిప్పియుందురు. గెయిన్ అనునది వాల్యూము కాదు. స్టీరియో పంపు పాటకు ఆంప్లిఫయరు ఎంత చెవియొగ్గవలెనో నిర్ణయించు మర. దానిని చివరిదాక త్రిప్పినచో పాటతో పాటు సమస్తమైన చెత్తకును చెవియొగ్గును. పిమ్మట ఇంజను నడపి, పాట ఆపి, వాల్యూము తగ్గింపుచు పెంచుచు వినవలెను. ఈల వాల్యూముతో పాటు హెచ్చుతగ్గులగుచున్నచో, అది వాల్యూము మరకు ముందే, అనగా ఫోనులోనో, యాంటెన్నాలోనో, స్టీరియో లోపలనో చేరినది. వాల్యూముతో నిమిత్తము లేక ఒకేతీరున నున్నచో, దానికి తరువాత చేరినది. ఈ యొక్క ప్రశ్నతోనే సగము కారు వెదుకవలసిన పని తప్పును.

తరువాతి మెట్టు ఆంప్లిఫయరువద్ద. స్టీరియోను ఆపి, ఆర్.సి.ఎ. వైర్లను ఆంప్లిఫయరు నుండి ఊడదీసి, ఆ రంధ్రములలో లోపలి సూదిని పైతొడుగుతో కలిపిన ఉత్త పిన్నులను గ్రుచ్చి, మరల ఇంజను నడపి వినవలెను. అప్పుడును ఈల నిలిచియున్నచో, దోషము ఆంప్లిఫయరునందో, దాని ఎర్త్‌నందో, దానికి వచ్చు కరెంటునందో యున్నది. ఈల మాయమైనచో ఆంప్లిఫయరు నిర్దోషి. వైర్లను, స్టీరియోను అనుమానింపవలెను. ఆపకయే వైర్లను లాగు అలవాటు మన కుఱ్ఱపనివారికి గలదు. కొన్ని స్టీరియోలలో ఆర్.సి.ఎ. తొడుగునకు లోపల సన్నని ఫ్యూజు వంటి దారి యుండి, ఇట్లు లాగినపుడు అది కాలిపోవును. అంతవఱకు లేని ఈల అప్పటినుండి భయంకరముగా మొదలగును. స్టీరియో లోహపుపెట్టెకును ఆర్.సి.ఎ. తొడుగునకును నడుమ నొక తీగముక్కను తాకించినంతనే ఈల ఆగినచో, జరిగినది ఇదియే. ఈ కారణముచే చెడిన స్టీరియోను 'కంపెనీ ఫాల్ట్' అని త్రోసివేసి క్రొత్తదానిని కొనిపించినవారు నాకు తెలిసినంతలోనే కలరు. వారి పేర్లతో మనకు పని లేదు.

ఫోనును ఆక్స్ వైరుతో తగిలించి వినువారు, చార్జరును పీకివేసి వినవలెను. ఫోను తన బ్యాటరీపై నడచునపుడు ఈల లేక, చార్జరు పెట్టగనే వచ్చినచో, ఎర్త్ రెండు దారులవెంట ఫోనును చేరి చుట్టుకొన్నదని యర్థము. బ్లూటూత్‌తో వినుటయే దీనికి సులభమైన మందు. ఎర్త్ గట్టిదో కాదో తెలిసికొనుటకు మల్టీమీటరును ఓముల గుర్తుకు త్రిప్పి, సున్న చూపినదని సంతోషించువారున్నారు. చౌక మీటరు ఓములో వేయవవంతును చూపలేదు. పాట గట్టిగా వాయించుచు, ఆంప్లిఫయరు ఋణధ్రువమునకును బ్యాటరీ ఋణధ్రువమునకును నడుమ వోల్టులను కొలువవలెను. అక్కడ పదవవంతు వోల్టునకు మించి చాల పోవుచున్నచో ఎర్త్ నమ్మదగినది కాదు. అదే మీటరును ఏ.సి. వోల్టులకు త్రిప్పి, ఇంజను నడచుచుండగా బ్యాటరీ ధ్రువముల నడుమ కొలిచి, అర వోల్టు వంటి సంఖ్య కనబడినచో, ఆల్టర్నేటరులో డయోడు పోయినదేమో యని పరీక్షింపవలెను. ఆరు డయోడులలో నొకటి పోయినను బ్యాటరీ ఏదో విధముగా చార్జి యగుచుండుటచే, యజమానికి ఆ సంగతి తెలియదు. స్టీరియోలోని ఈలయే తొలి హెచ్చరిక. అట్టి సమయమున ఫిల్టరు వేసి ఈలను అణచుట, చెప్పవచ్చిన దూతనోరు మూయుటయే యగును.

చికిత్స యెట్టిదో పరీక్షలోనే తెలిసిపోవును. ఎర్త్ కొఱకు ఎన్నుకొన్న చోట రంగును మెఱయు ఇనుము కనబడునంతవఱకు గీకి, పళ్లవాషరుతో మరను గట్టిగా బిగించి, పైన తుప్పు పట్టకుండ రంగు పూయవలెను. ఆ తీగ మూరెడునకు మించరాదు. లావు కరెంటు తీగకు తీసిపోరాదు. సీటుబెల్టు మరకు తగిలించుట సులభమే గాని, ప్రాణము కాపాడవలసిన ఆ మరను విప్పి బిగించు అధికారము పాటల పనివానికి లేదు. సాధ్యమైనచో స్టీరియో ఎర్త్‌ను కూడ ఆంప్లిఫయరు ఎర్త్ చోటికే తెచ్చి, మట్టము ఒక్కటిగా జేయవలెను. పాత కార్లలో ఇంజనుకును బాడీకిని, బాడీకిని బ్యాటరీకిని గల మూల ఎర్త్ పట్టీలే తుప్పుపట్టి యుండును. వానిని మార్చగనే ఈలతో పాటు సెల్ఫ్ మొరాయింపు కూడ పోవుట కలదు. కరెంటు తీగ కారు కొక ప్రక్కన, ఆర్.సి.ఎ. వైరు మరియొక ప్రక్కన పోవలెనను నియమము మంచిదే; కాని ఈల తెచ్చునది తీగల పొరుగుకంటె ఎక్కువగా ఎర్త్ అని నా అభిప్రాయము. పొరుగును సవరించుటకు కారు కార్పెట్టు అంతయు ఎత్తినవారు ఎర్త్ మరను తాకకయే మూసివేయుట తఱచు.

ఫిల్టరును నేను బొత్తిగా నిషేధింపను. అందున్నది ఇనుపముద్దపై చుట్టిన రాగితీగయు, ఒక కండెన్సరును. కరెంటు తీగ వెంట వచ్చు అలను అది నిజముగనే అణచును. స్టీరియోకు వచ్చు తీగలోనే అల యున్నదని పరీక్షలో తేలినపుడు, తగిన ఆంపియర్లకు తట్టుకొను ఫిల్టరు వేయుట న్యాయము. ఎర్త్ వలన వచ్చు ఈలకు అది నిష్ప్రయోజనము. ఆర్.సి.ఎ. వైర్ల నడుమ పెట్టు ఐసొలేటరు అను మరియొక డబ్బీ గలదు. అందలి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఎర్త్ దారిని త్రెంచి ఈలను ఆపును, నిజమే. చౌకరకపు ట్రాన్స్‌ఫార్మరు దానితో పాటు మృదంగపు తొప్పినాదమును కూడ తినివేయును. వేలు పోసి వూఫరు కొన్నవాడు వందల డబ్బీతో దాని ప్రాణమును తీయించుకొనుట వింత.

ఇంతకును నేరము పనివానిదేనా? కోఠీ గుజరాతీ గల్లీలో గాని, రాణీగంజులో గాని, విజయవాడ ఆటోనగరులో గాని అడిగి చూడుడు. వారి జవాబు తయారుగా నున్నది, అది అసత్యమును కాదు. "స్టీరియో ఆన్‌లైన్‌లో కొనుక్కొస్తారు సార్, ఫిట్టింగ్‌కు ఐదు వందలంటే కళ్లెర్రజేస్తారు, గంటలో అయిపోవాలంటారు" అని వారందురు. వస్తువునకు ఇరువదివేలు ఇచ్చుటకు చేయి సాచువాడు, ఆ వస్తువును పనిచేయించు మనుష్యుని గంటకు వెలకట్టవలసివచ్చినపుడు ముడుచుకొనును. పెట్టెకు వెల కలదు, చూపుటకు అట్టపెట్టె కలదు. పరీక్షకు అట్టపెట్టె లేదు. తన జ్ఞానమునకు ఎవ్వరును పైక మియ్యరని ఎఱిగిన పనివాడు, పైకము వచ్చు డబ్బీని అమ్ముటలో ఆశ్చర్యమేమి? 'ఫిట్టింగ్ ఫ్రీ' అను బోర్డును చూచి సంతోషించు మనము, ఆ ఉచితపు గంటలో రంగు గీకబడలేదని, బ్యాటరీకి మూరెడు దూరములో ఉండవలసిన ఫ్యూజు పెట్టబడలేదని, ఇనుపరంధ్రములో తీగకు రబ్బరు బుష్ వేయబడలేదని తెలిసికొనము. ఈలను భరించవచ్చును, ఫ్యూజు లేని లావుతీగ బాడీకి ఒరసికొని మండుటను భరింపలేము. ఈల వినవచ్చిన కార్లలో ఈ రెండవ జాగ్రత్త కూడ తప్పియుండు సందర్భములు తక్కువ కావు, ఏలయన రెంటికిని మూలము ఒక్క తొందరయే.

అట్లని పనివారిని నిర్దోషులుగా విడువలేము. తెలియనిది తెలిసినట్లు చెప్పి, పేదవాడైన ట్యాక్సీ డ్రైవరుచేత ఒకదానివెంట నొకటిగా డబ్బీలు కొనిపించుట దారిద్ర్యముచే సమర్థింపబడు తప్పు కాదు. ఐ.టి.ఐ.లలో మోటారు మెకానిక్కు విద్య నేర్చు బాలురకు కాయిల్, ప్లగ్గు, ఆల్టర్నేటరు విడివిడిగా బోధింపబడుచున్నవి. కారు ఇనుము ఒక తీగయే యని, అందును మట్టములు మారునని, మీటరుతో దానిని పట్టుకొనవచ్చునని ఒక పూట ప్రత్యక్షముగా చూపినచో, వారి చేతిలో పడు కార్లు బ్రతుకును. ఇందుకు క్రొత్త యంత్రములు అక్కరలేదు. ఒక పాత కారు, ఒక మీటరు, ఒక గీకుడుబ్రష్షు చాలును.

విద్యుత్ వాహనములు వచ్చుచున్నవి గదా, రవ్వయు ఆల్టర్నేటరును రెండును పోవును, ఈ గొడవ తానే తీరునని కొందఱు అందురు. తీరదు. ఆ వాహనములలో ఇన్వర్టర్లును, కన్వర్టర్లును వడివడిగా కరెంటును త్రెంచుచు కలుపుచు నుండును; వాని రొద మీడియం వేవుపై ఎంత బలముగా పడునన్నచో, కొందఱు తయారీదారులు తమ విద్యుత్ కార్లనుండి ఆ రేడియోనే తొలగించిరి. 2023లో ఫోర్డ్ సంస్థ తన క్రొత్త కార్లలో మీడియం వేవును మానివేయ నెంచి, అమెరికాలో ఆందోళన రేగగా ఆ సంకల్పమును ఉపసంహరించుకొన్నది. ప్రతి కారునందును ఆ రేడియో ఉండవలెనను బిల్లు ఆ దేశపు కాంగ్రెసులో ప్రవేశపెట్టబడినది. ఇంజను రూపము మారినను, పాటకును యంత్రమునకును నడుమ తగవు తీర్చు మనుష్యుని అవసరము పోలేదు.

కావున కారుకు స్టీరియో పెట్టించుకొనువారికి నా సూచన యిది. ఫిట్టింగునకు వేఱుగా కూలి అడుగు అంగడినే ఎన్నుకొనుడు. ఆ కూలిని బేరమాడకుడు. బిల్లులో ఎర్త్ ఎక్కడ బిగించినదియు, ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదియు, బ్యాటరీకి ఎంత దూరమున నున్నదియు వ్రాయించుకొనుడు. డబ్బు చెల్లించుటకు పూర్వము ఇంజను నడపించి, హెడ్‌లైట్లు, వైపరు, ఏ.సి., ఫోను చార్జరు అన్నియు వేయించి, పాట ఆపించి, పనివానిని ప్రక్కసీటులో కూర్చుండబెట్టుకొని, యాక్సిలరేటరును 3,000 చుట్లవఱకు నొక్కి వినుడు. ఈల వినబడి, అతడు అరవైపు చేయి చాచినచో, ఆర్.సి.ఎ. వైర్లను ఊడదీసి వినిపింపుమని యడుగుడు.